ఎర్ర మూత సీసా

నేలిదా తులియాన్ చేతుల్లో ఎంత పనితనం ఉందో తెలిసినవాళ్ళు కోర్దొబా ఊళ్ళో ఇద్దరమే. ఒకరు డాక్టర్ ఉర్రుతియా. ఆయన పోయాడు. రెండోవాణ్ణి నేను, ఎవారిస్తోని. ఊరి చివర కబేళాలో ఇరవై తొమ్మిదేళ్ళు పశువుల తలలు పగలగొట్టినవాణ్ణి. ఇంకా పోలేదు. ఆ చేతులకి ద్రోహం చేసింది కూడా ఈ ఇద్దరమే. ఆయన చేసింది ఆయనతోనే మట్టిలోకి పోయింది. నాది మిగిలింది, అందుకే చెబుతున్నాను.

నేలిదాది శాన్ విసెంతె పేట. తండ్రి రైల్వే వర్క్‌షాపులో బోల్టులు బిగించేవాడు, ఊపిరితిత్తులు చెడి తొందరగా పోయాడు. తల్లి చొక్కాలకి బొత్తాల కాజాలు కుట్టేది. ఏడో ఏట నుంచి నేలిదా కూడా కాజాలు కుట్టింది. ఆ కుట్టులో చేతికి వచ్చిన నిదానం చివరిదాకా పోలేదు. పదిహేడో ఏట పరిశోధన సంస్థలో గాజు సీసాలు కడిగే పనికి కుదిరింది. కడుగుతూ కడుగుతూ పక్క బల్ల మీద ఏం జరుగుతోందో చూసేది. ఒకరోజు మెదడు ముక్కలు కోసే కుర్రడాక్టరు వేలు కోసుకుంటే, సీసాలు కడిగే పిల్ల బ్లేడు అందుకుని ఉల్లిపొరలంత పల్చగా పది ముక్కలు కోసి పెట్టిందట. ఆ రోజు నుంచి ఆమెకి సీసాలు కడిగే పని తప్పింది. జీతం పేరు మాత్రం సీసాలు కడిగే మనిషి జీతమే. అలా ఇరవై నాలుగేళ్ళు.

డాక్టర్ ఉర్రుతియా చెడ్డవాడని చెప్పను. చెబితే నా తప్పు సగం తగ్గుతుంది, అది నాకు అక్కర్లేదు. పెద్ద చదువు చదివినవాడు, మంచి కోటు వేసేవాడు, అందర్నీ పేరు పెట్టి పలకరించేవాడు. ఆయనకి ఒక ప్రశ్న పట్టుకుంది. ఆ ప్రశ్న నాకు చెప్పింది ఆయన కాదు, నేలిదా. చెప్పినరోజు ఆవిడ మా కబేళా పశువుల డాక్టర్ మొయానో గదిలో స్టూలు మీద కూర్చుని ఉంది.

"ఇలా చూడు ఎవారిస్తో. ఆవు మెదడైనా మన మెదడైనా లోపలంతా కణాలేగా. ఆ కణం లోపల సన్నటి గొట్టాలుంటాయి, పందిరికి రాటల్లాగా. వాటిని పట్టుకునే కణం నిలబడుద్ది. వాటి మీదుగానే సరుకు ఈ చివర్నించి ఆ చివరికి పోద్ది. మైక్రోట్యూబ్యూల్స్ అంటారు. ఒక ప్రోటీన్‌తో కట్టినవి అవి. రోజూ కొంత పాతది పోతూ ఉంటుంది, రోజూ కొత్తది తయారవుతూ ఉంటుంది. ముసలితనం వచ్చాక ఆ తయారీ తగ్గుద్దా, అట్టాగే ఉంటుందా? అదీ మేం తేల్చాల్సింది."

"తగ్గకేం చేస్తుందండీ? మా మామని ఒక్క పూట చూస్తే తేలిపోద్ది. పొద్దున ఏం తిన్నాడో మధ్యాహ్నానికి తెలీదు."

"మీ మామని సీసాలో పెట్టలేం కదయ్యా. అందుకే ఆవు."

నేను నవ్వాను. మొయానో కూడా నవ్వాడు. ఆవిడ చెప్పిందంతా విన్నాను, తల కూడా ఊపాను. కానీ నమ్మలేదు. అదే ఈ కథంతా.

మొదలైంది 1971 ఏప్రిల్లో. ఎలుకల్లో ఆ తయారీ వయసుతో సగానికి పడిపోతోందని డాక్టర్ ఉర్రుతియా అప్పటికే చూశాడు. పెద్ద జంతువులో కూడా అంతేనని చూపిస్తే ఆయన మాటకి తిరుగుండదు. మెదడు తాజాగా ఉండాలి, పది నిమిషాలు దాటితే పనికిరాదు. అందుకని ప్రయోగశాలనే కబేళాకి తెచ్చింది నేలిదా. మొయానో గదిలో ఒక మూల గోరువెచ్చటి నీళ్ళ తొట్టి, ఒక ఆక్సిజన్ సిలిండరు, మంచు పెట్టె, రెండు సీసాలు. ఎర్ర మూతది ముసలి ఆవుకి, తెల్ల మూతది ఇంకా ఈనని రెండేళ్ళ పడ్డకి. మెదడు పైపొరని బ్లేడుతో పల్చగా కోసి, ఉప్పూ చక్కెరా కలిపిన నీళ్ళలో వేసి, అందులో గుర్తు పెట్టిన అమైనో ఆమ్లం చుక్క కలిపేది. ప్రోటీన్ కట్టడానికి అది ఇటుకలాంటిది, రేడియోధార్మికమైన ఇటుక. గంటసేపు వెచ్చటి నీళ్ళలో ఉంచితే, చచ్చిన ఆవు మెదడు ఇంకా తన పని తాను చేసుకుంటూ ఆ ఇటుకల్ని ప్రోటీన్‌లో పేర్చుకుంటుందట. తర్వాత మంచులో ముంచితే పని ఆగిపోతుంది. సంస్థకి తీసుకెళ్ళి, ఆ గొట్టాల ప్రోటీన్‌ని వేరు చేసి, ఎన్ని ఇటుకలు పడ్డాయో మిషన్ మీద లెక్కపెట్టేవారు.

వేరు చేసే పద్ధతి కూడా ఒకసారి మాకు గదిలోనే చూపించింది. ఆ ప్రోటీన్ నీళ్ళని వెచ్చబెడితే లోపల గొట్టాలు కట్టుకుని నీళ్ళు మసకబారాయి. మంచులో పెడితే విడిపోయి మళ్ళీ తేటపడ్డాయి. మళ్ళీ వెచ్చబెట్టింది, మళ్ళీ మసక. చిన్న గాజుగొట్టం కిటికీకి ఎదురుగా పట్టుకుని చూస్తున్నప్పుడు ఆవిడ మొహం నాకు ఇప్పటికీ గుర్తే. నలభై దాటిన మనిషి, నెరిసిన జుట్టు వెనక్కి లాగి ముడి వేసుకుని, కుట్టుపని అద్దాలు పెట్టుకుని. అంత సంతోషం నేను పెళ్ళిపీటల మీద కూర్చున్న ఆడపిల్లల మొహాల్లో కూడా చూడలేదు.

మొదటి రెండు రోజులు ఆవిడే లోపలికి వచ్చింది, నేను తలలు పగలగొట్టే బల్ల దగ్గరికి. రబ్బరు బూట్లు వేసుకుని, నెత్తుట్లో నడుచుకుంటూ. పళ్ళు చూసి వయసు ఎలా చెప్పాలో నేనే నేర్పాను. పళ్ళు అరిగి చదునై, మధ్యలో సందులు పడితే పన్నెండేళ్ళు దాటినట్టు. రెండు రోజులూ తనే నోరు తెరిచి చూసి, "ఇది ఎర్ర మూతకి, ఇది తెల్ల మూతకి" అని వేలు పెట్టి చూపించి తీసుకుంది.

మా వాళ్ళు ఊరుకుంటారా? చర్మం ఒలిచే రోకె అని ఒకడుండేవాడు, నోటికి అడ్డూ ఆపూ లేనివాడు.

"ఏరా ఎవారిస్తో, ఎర్ర మూత డాక్టరు గారికి, తెల్ల మూత వాళ్ళత్తగారికా? ఆదివారం రావియోలిలోకేనా?"

"శాస్త్రం అంటరా."

"ఆఁ, శాస్త్రం! గోరంత ముక్క సీసాలోకి, మిగతా మెదడంతా మంచు పెట్టెలోకి. పాలకూర కూడా మంచు పెట్టెలోనే ఉంటదేమో చూసిరా."

అందరం పడీ పడీ నవ్వాం. మీరు మా ఊరివాళ్ళు కాదు కాబట్టి చెబుతున్నాను: ఆదివారం ఏ ఇంట్లో చూసినా పిండి పొరల్లో పాలకూరా మెదడూ కూరిన రావియోలి ఉడుకుతూ ఉంటుంది. కబేళా నుంచి మెదడు పట్టుకెళ్ళే డాక్టరు, వకీలు, పాదిరీ, అందరూ ఏదో ఒక సాకు చెప్పే పట్టుకెళ్తారు. శాస్త్రం అన్నది మాకు కొత్త సాకు, అంతే.

అదే రోకె నేలిదా వింటుండగా ఇంకో మాటన్నాడు, అది చెప్పను. సీసాలు వెచ్చటి నీళ్ళలో ఉన్న ఆ గంటసేపూ ఆవిడ మాతె కాచేది, మా వైపు చేదాకు టీ అది. ఇంటినుంచి తెచ్చుకున్న ఫ్లాస్కు, చేదాకు నింపిన సొరబుర్ర, వెండి గొట్టం. చక్కెర వెయ్యదు. తను తాగి, నింపి, మొయానోకి, మళ్ళీ నింపి నాకు, మళ్ళీ నింపి తలుపు దగ్గర ఎవరు నిలబడితే వాళ్ళకి. ఆ రోజు బుర్ర మూడు చుట్లు తిరిగింది, మూడు సార్లూ రోకె ముందునుంచి దాటిపోయింది. మా దగ్గర అంతకన్నా పెద్ద తిట్టు లేదు. బుర్ర నీ చేతికి రాలేదంటే నువ్వక్కడ లేవనే అర్థం. నాలుగో చుట్టుకి రోకె టోపీ తీసి, "తప్పయిపోయిందమ్మా" అన్నాడు. అప్పుడిచ్చింది.

అది చూసి నాకు ఎక్కడలేని మర్యాద పుట్టుకొచ్చింది. ఆ మర్యాదని తగలెయ్య.

"నేలిదా గారూ, మీరీ నెత్తుట్లోకి, ఈ వెధవల మధ్యలోకి రావద్దు. రేపట్నించి ఇక్కడే కూర్చోండి. నేను తెచ్చిస్తాను."

"వయసు జాగ్రత్తగా చూస్తావా ఎవారిస్తో? ఎర్ర మూతలోకి నిజంగా ముసలిదే రావాలి. ఎంత ముసలిదైతే అంత మంచిది."

"మీరు నాకు చెప్పాలా!"

ఆ "ఎంత ముసలిదైతే అంత మంచిది" అన్న మాట ఉందే, దాన్ని నేను ఎలా విన్నానో చెబుతాను. మా ఇళ్ళల్లో ఆదివారం నిప్పుల మీద మాంసం కాలుతుంటే, వచ్చిన చుట్టం ఎప్పుడూ "నాకేదో ఒక ఎముక ముక్క పడెయ్యండి చాలు" అంటాడు. అన్నాడు కదా అని ఎముక ముక్క వేసిన ఇల్లు ఆ పేటలో తలెత్తుకు తిరగలేదు. చుట్టం చెడ్డ ముక్క అడగాలి, ఇంటివాడు మంచి ముక్క పెట్టాలి. అడిగింది అడిగినట్టు ఇవ్వడమంత అవమానం లేదు. నేలిదా ముసలి ఆవు మెదడు అడిగితే, పాపం, మంచిది అడగడానికి మొహమాటపడుతోంది అనుకున్నాను. ముసలి ఆవు మెదడు మా దగ్గర ఎవరూ తినరు. కొమ్ములతో గిట్టలతో కలిపి సబ్బు కాచే తొట్టిలోకి పోతుంది. అలాంటిది ఒక మర్యాదస్తురాలి చేతిలో పెట్టడమా? ఆ డాక్టరు ఆదివారం తిని, "ఏంటి నేలిదా, ఈసారి ఇలా ఉంది?" అంటే ఆవిడ మొహం ఏమవ్వాలి?

అందుకని మూడో రోజు నుంచి రెండు గిన్నెల్లోనూ లేత పడ్డల మెదడే పెట్టాను. తెల్లగా, బిగువుగా, అందరికన్నా ముందు ఏరి పెట్టిన సరుకు. రావియోలి అంగళ్ళకి మెదళ్ళు పట్టుకెళ్ళే కాంట్రాక్టరు వాటా లోంచి దాచి మరీ తెచ్చాను. ఆవిడ గిన్నెల్ని చూసి, "ఎర్ర మూతది ఏది?" అని అడిగేది. నేను చేతికందిన గిన్నె చూపించేవాణ్ణి. "పళ్ళెలా ఉన్నాయి?" "ఒక్క పన్ను మిగల్లేదండీ, మా అమ్మమ్మ నయం." ఆవిడ నవ్వి నోటుపుస్తకంలో రాసుకునేది. బ్రౌన్ పేపరు అట్ట వేసిన పుస్తకం. రోజు, తేదీ, పళ్ళ వివరం, నేను చెప్పిన అబద్ధం, అన్నీ ముత్యాల్లాంటి అక్షరాలతో.

మంగళవారాలూ శుక్రవారాలూ, జులై చివరిదాకా. మొత్తం ముప్పై ఒక్క రోజులు.

ఆ నాలుగు నెలలూ నా జీవితంలో మంచి నెలలు. ఇలా చెప్పడానికి సిగ్గుగా ఉంది, కానీ నిజం అదే. పొద్దున్నే లేచి గడ్డం గీసుకునేవాణ్ణి. నా భార్య "ఆవులకి పిల్లని చూట్టానికి పోతున్నావా?" అని ఎత్తిపొడిచేది. అందులో ఏమీ లేదు. ఒక మనిషి నన్ను కూర్చోబెట్టి, పేరు పెట్టి పిలిచి, మెదడులో ఏముంటుందో చెప్పేది. అప్పటికి పన్నెండేళ్ళుగా మెదళ్ళు పగలగొడుతున్నాను, ఒక్కరూ నాకు చెప్పలేదు.

మరుసటి ఏడు ఏప్రిల్లో ఒక పొద్దున వచ్చింది. సీసాలు లేవు, చేతిలో ఒక శాస్త్ర పత్రిక. వేడివేడి పొరల బిస్కెట్లు పొట్లం కట్టి తెచ్చింది.

"ఎవారిస్తో! మొయానో గారూ! చూడండి ఇది."

అంతా వేరే భాష. పైన మూడు పేర్లు. మూడోది 'ఎన్. తులియాన్'. ఆవిడ వేలు ఆ పేరు కిందే ఉంది.

"సీసాలు కడిగే మనిషి పేరు ఎవరైనా వేస్తారా? ఈయన వేశాడు. ఇక ఉద్యోగం కాయితాలు కూడా మారుస్తానన్నాడు. టెక్నీషియన్ అని రాస్తారట."

"ఇంతకీ ఏం తేలింది?" అని మొయానో అడిగాడు.

"అదే విచిత్రం. ఆవుల్లో తయారీ తగ్గట్లేదు! ముసలిదైనా పడ్డైనా ఒక్కటే. ఎలుకల్లో తగ్గుద్ది, ఆవుల్లో తగ్గదు. ముందు రెండు రోజులు మాత్రం నేనేదో పొరపాటు చేశాను, సగానికి సగం తగ్గినట్టు వచ్చింది. డాక్టరు గారు అవి కొట్టేశారు. మిగతా ఇరవై తొమ్మిదీ బ్రహ్మాండం."

నేను బిస్కెట్టు నమిలాను. ఆవిడ సంతోషం చూసి సంతోషించాను. నా బుర్రలోకి ఏమీ ఎక్కలేదు. దేవుడి సాక్షిగా చెబుతున్నాను, ఆ రోజు ఏమీ ఎక్కలేదు.

జులైలో మళ్ళీ వచ్చింది. మా దేశంలో అది చలికాలం, నోట్లోంచి ఆవిరి వస్తోంది. కోటు బొత్తాలు తప్పుగా పెట్టుకుంది. కాజాలు కుట్టిన చెయ్యి తన బొత్తాలు తప్పు పెట్టుకోవడం నేను అంతకుముందు చూడలేదు. మొయానో గదిలోకి పిలిచింది. రోకె, ఇంకో ఇద్దరు తలుపు దగ్గర చేరారు.

"ఎవారిస్తో, ఒక్క మాట అడుగుతాను, నిజం చెప్పు. ఎర్ర మూతలోకి నువ్విచ్చింది ప్రతిసారీ ముసలి ఆవుదేగా?"

చుట్టూ చూశాను. గడిచిన వారమే కాంట్రాక్టరు వచ్చి, కిందటేడు తన మెదళ్ళ వాటా తగ్గిందని, ఎవరో దొంగతనం చేశారని గొడవ పెట్టుకుని వెళ్ళాడు. ఓహో, ఈ గొడవ ఆవిడ మెడకి చుట్టుకుంది అనుకున్నాను. ఆ పడ్డల మెదళ్ళు ఆవిడకి చేరాయని ఎవరో మోశారు, ఇప్పుడు ఆవిణ్ణి నిలదీస్తున్నారు. ముసలివే ఇచ్చానని నేను గట్టిగా అంటే ఇద్దరం బయటపడతాం.

"ప్రతిసారీ ముసలిదే. మా అమ్మ మీద ఒట్టు."

"నిజంగా?"

"ఏంటండీ, నా మాట మీద నమ్మకం లేదా?"

ఆవిడ నా మొహంలోకి చూసి, "ఉంది. నాకు నమ్మకం ఉంది ఎవారిస్తో. అదే చెబుతాను వాళ్ళకి" అంది. బస్సు వేళయిందని వెళ్ళిపోయింది. నేను చాతీ విరుచుకుని పనిలోకి వెళ్ళాను. ఆవిణ్ణి కాపాడాననుకున్నాను. తల్చుకుంటే నన్ను నేను చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది.

అసలు సంగతి మూడు వారాల తర్వాత మొయానో నోటివెంట విన్నాను. ఎక్కడో దూరదేశంలో ఇంకెవరో ఆవులతోనే ఇదే పని చేశారట. తయారీ సగానికి పడిపోయిందట, ఎలుకల్లో లాగానే. ఉర్రుతియాకి ఉత్తరం వచ్చింది, మీ లెక్కలో తేడా ఉందని. పరువు పోయే పరిస్థితి. ఆయన మళ్ళీ ఒకసారి కబేళాకి వచ్చి ఆ పని చేయించి ఉంటే వారంలో తేలిపోయేది. చెయ్యలేదు. తప్పు ఎవరిదో ముందే ఖాయం చేసుకున్నాడు.

"ఏమన్నాడట?" అని అడిగాను.

"పని తగ్గించుకోడానికి నేలిదాయే రెండు సీసాల్లోనూ ఒకే తల మెదడు వేసిందన్నాడు. అదే పత్రికలో సవరణ కూడా వేయిస్తున్నారు. ఎన్. తులియాన్ నిర్లక్ష్యం వల్ల అని, పేరుతో సహా. ఆవిడేమో, ఎవారిస్తో ఒట్టేసి చెప్పాడు, ఆయన అబద్ధం ఆడే మనిషి కాడు అందట. అయితే తప్పు నీదే గదా అన్నారు. ఎలుకల కొట్టంలోకి మార్చారు, బోనులు కడగడానికి."

నా చేతిలో గొడ్డలి ఉంది. బల్ల మీద తల ఉంది. ఆ పూట నేను ఎన్ని తలలు పగలగొట్టానో నాకు తెలీదు.

వెళ్ళి చెప్పొచ్చు కదా అని మీరు అడుగుతారు. అడగాల్సిందే. మొదటి వారం, ఉద్యోగం పోతుందని భయం. దొంగతనం కింద తీసేస్తారు, ముగ్గురు ఆడపిల్లలు. రెండో నెల, ఇంత ఆలస్యంగా ఏం చెబుతాం అన్న సిగ్గు. రెండో ఏడు, ఆవిడ మర్చిపోయి ఉంటుందిలే అన్న సొంత ఓదార్పు. తర్వాత మిలిటరీ వాళ్ళు రాజ్యానికొచ్చారు. ఎవరూ ఏ ఆఫీసుకీ వెళ్ళి ఏమీ చెప్పే రోజులు కావవి, నాకదో సాకు. వాళ్ళూ పోయారు, నేను ఇంకా చెప్పలేదు. దీనికి ఒకటే పేరు, పిరికితనం. ఎద్దు తలని ఒక్క దెబ్బకి తెరిచే మనిషికి నోరు తెరవడానికి పదహారేళ్ళు పట్టింది.

ఆ పదహారేళ్ళూ ఆవిడ బోనులు కడిగింది. సంస్థలో కొత్తగా చేరిన కుర్రవాళ్ళకి ఆవిడెవరో తెలీదు. మెదడు కొయ్యడం రాక వాళ్ళు తంటాలు పడుతుంటే తలుపు దగ్గర చీపురు పట్టుకుని చూసేదట. ఒకసారి ఉండబట్టలేక, "బ్లేడు అలా కాదు బాబూ, పడుకోబెట్టి లాగు" అంటే, "మీ ఎలుకల పని మీరు చూసుకోండి అమ్మా" అన్నాడట ఒకడు. ఇది నాకు ఆవిడే చెప్పింది, నవ్వుతూ.

ఎప్పుడు చెప్పిందంటే, 1988లో. పెన్షన్ కాయితాలిచ్చే ఆఫీసు క్యూలో నా ముందు నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడింది. చేతులు మాత్రం అవే. కాయితాల్ని అంచులు కలిపి, మడతపెట్టి, గోటితో గీరి పట్టుకుంది. నేను పారిపోయేవాణ్ణే, ఆవిడే వెనక్కి తిరిగింది.

"ఎవారిస్తో! నువ్వేనా? అయ్యో, ఎంత చిక్కిపోయావు! రేపు ఇంటికి రా. ఇప్పుడు తాగడానికి తోడెవరూ లేరు నాకు."

వెళ్ళాను. గడ్డం గీసుకుని వెళ్ళాను. శాన్ విసెంతెలో అదే ఇల్లు, తల్లి కుట్టుమిషను ఇంకా కిటికీ దగ్గరే ఉంది. ఫ్లాస్కు, సొరబుర్ర, అదే వెండి గొట్టం. మొదటి బుర్ర తను తాగింది, రెండోది నా చేతికిచ్చింది. ఎండాకాలం మధ్యాహ్నం, వాకిట్లో ద్రాక్షపందిరి నీడ. మొయానో పోయిన సంగతి, రోకె తాగుడు మానిన సంగతి మాట్లాడుకున్నాం. బుర్ర నాలుగుసార్లు నా చేతికి వచ్చింది. ఐదోసారి వచ్చినప్పుడు తాగకుండా పట్టుకుని ఉండిపోయాను.

"నేలిదా గారూ, ఆ ఎర్ర మూత సీసా..."

అంతా చెప్పాను. చుట్టానికి మంచి ముక్క పెట్టడం, రావియోలి, కాంట్రాక్టరు గొడవ, అమ్మ మీద ఒట్టు. మోకాళ్ళ మధ్య టోపీ నలుపుతూ చెప్పాను. అయిపోయాక ఆవిడ అడిగింది.

"ఒక్కరోజైనా నిజంగా ముసలిదిచ్చావా?"

"నేనివ్వలేదండీ. మొదటి రెండు రోజులూ మీరే పళ్ళు చూసి ఏరుకున్నారే, అవే నిజం. మూడో రోజు నుంచి ఒక్కటీ కాదు."

ఆవిడ లేచి లోపలికి వెళ్ళింది. బ్రౌన్ పేపరు అట్ట పుస్తకం తెచ్చింది. అద్దాలు పెట్టుకుని, మొదటి పేజీ తెరిచి నా వైపు తిప్పింది. నాకు చదువు అంతంత మాత్రమే, అంకెలు తెలుసు. మొదటి రోజు, పడ్డకి నూరు, ముసలిదానికి నలభై ఎనిమిది. రెండో రోజు, నూరు, యాభై ఒకటి. ఆ రెండు వరసల మీదా ఎర్ర పెన్సిలుతో అడ్డంగా గీత. పక్కన డాక్టరు దస్తూరీ.

"ఇక్కడేం రాశాడో తెలుసా?" అంది. "నేలిదా పొరపాటు అని. రెండుసార్లు రాశాడు. నా ముందే కొట్టేశాడు, నేనే పెన్సిలు అందించాను. ఆ రెండు రోజులూ మంచు సరిగా పెట్టలేదేమో, ముక్క మందంగా కోశానేమో అని నా చేతుల్ని నేనే తిట్టుకున్నాను. పదిహేడేళ్ళు."

తర్వాతి పేజీలు తిప్పింది. నూరు, తొంభై తొమ్మిది. నూరు, నూట ఒకటి. ఇరవై తొమ్మిది సార్లు. పక్కన ముత్యాల్లాంటి అక్షరాలతో, 'ఒక్క పన్ను మిగల్లేదు.'

"నేను వెళ్ళి చెబుతానండీ," అన్నాను. "సంస్థలో ఎవరికి చెప్పమంటే వాళ్ళకి. డాక్టరు గారికి."

"ఆయన శాన్ హెరోనిమో శ్మశానంలో ఉన్నాడు. రెండో వరస. వింటాడేమో చెప్పి చూడు."

నా చేతిలో బుర్ర చల్లారిపోయింది. తాగి తిరిగి ఇచ్చాను. ఆవిడ దాన్ని నింపింది. నేను చెయ్యి చాపాను. ఆవిడ తనే తాగింది, తొందరేం లేకుండా, వాకిట్లో పందిరి కేసి చూస్తూ. మళ్ళీ నింపింది. మళ్ళీ తనే తాగింది. నా చెయ్యి ఇంకా బల్ల మీదే ఉంది, తీసుకోవడం ఎలాగో తెలీలేదు. మూడోసారి నింపింది. ఫ్లాస్కులో నీళ్ళు అయిపోయేదాకా అలా తాగుతూనే ఉంది.

నేను టోపీ పెట్టుకుని లేచాను.

"వెళ్తూ తలుపు దగ్గరికి వెయ్యండి," అంది. పుస్తకంలో మొదటి పేజీ మళ్ళీ తెరిచి, రబ్బరుతో ఆ ఎర్ర గీతని మెల్లగా, కాయితం చిరగకుండా, చెరపడం మొదలుపెట్టింది.